ఆచార్య, ప్రొఫెసర్, లెక్చరర్, సార్: ఎవరికి ఏది, ఎక్కడ ఎట్లా రాయాలి

సెమినార్ కార్డు, సన్మాన పత్రం, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం మొదటి పేజీ, ఫ్లెక్సీ, చివరికి పెళ్లిపత్రిక. యూనివర్సిటీలో పాఠం చెప్పేవాళ్ల పేరు వీటిలో ఎక్కడ పడ్డా, తప్పు ఎక్కువగా దొర్లేది ఆ పేరు ముందుండే మాటలోనే. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ‘ఆచార్య’ అయిపోతారు. ఇరవై ఏళ్ల సర్వీసున్న ప్రొఫెసర్ ‘లెక్చరర్’గా మిగిలిపోతారు. మరొకరికి శ్రీ, ప్రొఫెసర్, డాక్టర్, గారు అన్నీ కలిపి తగిలిస్తారు. గౌరవం ఎక్కువైతే నష్టమేముంది అనుకోవద్దు. అర్హత లేని హోదా పేరు ముందు పడితే ముందుగా ఇబ్బంది పడేది ఆ మనిషే. పక్కన కూర్చున్న అసలు ఆచార్యులకూ అది చిన్నతనమే.

పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే. రాతలో హోదాను బట్టి మాట, నోట్లో చనువును బట్టి మాట. ఈ రెండూ కలగాపులగం అయిన చోటే తంటా.

మాట ఎక్కడిది, ఇప్పుడు ఏ అర్థం

ఆచార్య సంస్కృత పదం. మనుస్మృతి రెండో అధ్యాయం ఆచార్యుడికీ ఉపాధ్యాయుడికీ తేడా చెప్పింది. శిష్యుడికి ఉపనయనం చేసి, కల్పంతో (యజ్ఞ విధులతో), రహస్యంతో (ఉపనిషత్తులతో) సహా వేదం చెప్పేవాడు ఆచార్యుడు. వేదంలో ఒక భాగాన్నో, వేదాంగాలనో బతుకుతెరువు కోసం చెప్పేవాడు ఉపాధ్యాయుడు. ఇప్పుడు ఇద్దరూ జీతగాళ్లే కాబట్టి ఆ గీత చెరిగిపోయింది. కానీ వరుస మాత్రం తెలుగులో అట్లాగే నిలిచింది: బడిలో ఉపాధ్యాయులు, విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. మధ్యలో జూనియర్ కాలేజీ నుంచి యూనివర్సిటీ దాకా అందరికీ సరిపోయే గొడుగు మాట అధ్యాపకులు. ఎవరి హోదా ఏమిటో తేలనప్పుడు ఈ మాటే వాడండి, ఎవరినీ తక్కువ చేయదు.

ఆచార్య అన్న మాటకు మరికొన్ని వాడుకలు బతికే ఉన్నాయి. మతగురువులకు, దర్శన కర్తలకు వాడేది ఒకటి. సరస్వతీ శిశుమందిరాల్లో చిన్న తరగతుల సార్లను కూడా ఆచార్యులనే అంటారు, హెడ్‌మాస్టర్‌ను ప్రధానాచార్యులు అంటారు. సంస్కృత విశ్వవిద్యాలయాల్లోనైతే శాస్త్రి అంటే బీఏకు, ఆచార్య అంటే ఎంఏకు సమానమైన పట్టా. ఒకరి బయోడేటాలో ‘సాహిత్యాచార్య’ అని కనిపిస్తే అది చదువు, ఉద్యోగం కాదు. దాన్ని తీసి పేరు ముందు పెట్టకూడదు.

గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పేరులో ఉన్నది బౌద్ధాచార్యుడి అర్థం. ఆచార్య ఎన్.జి. రంగా పేరులో ఉన్నది కాలేజీ ప్రొఫెసర్ అన్న అర్థం. రంగా పేరిట ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి 2014లో విడివడిన తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ‘ప్రొఫెసర్ జయశంకర్’ అని పెట్టారు, ‘ఆచార్య’ అని కాదు. అందుకని ఆ సంస్థ పేరు రాసేటప్పుడు ‘ఆచార్య జయశంకర్ విశ్వవిద్యాలయం’ అని మార్చి రాయడం తప్పు. సంస్థ పేరు అధికారికంగా ఎట్లా ఉంటే అట్లాగే రాయాలి. ఆయన గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆచార్య, ప్రొఫెసర్ రెండూ చెల్లుతాయి. ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టి, వరంగల్ సీకేఎం కాలేజీకి ప్రిన్సిపాల్‌గా, 1991 నుంచి 1994 దాకా కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్స్‌లర్‌గా పనిచేసిన ఆ పెద్దమనిషిని జనం పిలిచింది మాత్రం ‘జయశంకర్ సార్’ అనే.

హోదాల వరుస

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాల్లో నాలుగు మెట్లున్నాయి. కింది నుంచి పైకి: అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్, సీనియర్ ప్రొఫెసర్. తెలుగులో సహాయాచార్యులు, సహాచార్యులు, ఆచార్యులు అంటాం. సంధి చేయకుండా సహాయ ఆచార్యులు, సహ ఆచార్యులు అని విడిగా రాసినా తప్పు లేదు, చదవడానికి సుఖం కూడా. సీనియర్ ప్రొఫెసర్‌ను అట్లాగే ఉంచండి. కొత్తగా ఏదో తెలుగు మాట కల్పిస్తే ఎవరికీ అర్థం కాదు.

పేరు ముందు ‘ఆచార్య’ లేక ‘ప్రొఫెసర్’ రావాల్సింది పై రెండు మెట్ల వాళ్లకే. అసోసియేట్ ప్రొఫెసర్ కూడా రాత లెక్కన ఇంకా ప్రొఫెసర్ కాదు. నేరుగా నియామకం పొందాలంటే అసోసియేట్‌కు పీహెచ్‌డీతోపాటు కనీసం 8 ఏళ్ల అనుభవం, 7 ప్రచురణలు కావాలి. ప్రొఫెసర్‌కు 10 ఏళ్లు, 10 ప్రచురణలు. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ కింద పదోన్నతితో వచ్చేవాళ్ల దారి వేరు, అయినా అక్కడా ఏళ్ల తరబడి సర్వీసు, పరిశోధన చూపాల్సిందే. సీనియర్ ప్రొఫెసర్ కావాలంటే ప్రొఫెసర్‌గానే పదేళ్లు చేసి ఉండాలి. ఆ పోస్టులు మంజూరైన ప్రొఫెసర్ పోస్టుల్లో పది శాతానికి మించవు. ఆ ఒక్క మాట వెనక ఇంత కష్టం ఉంది. అందుకే దాన్ని పంచిపెట్టకూడదు.

పాత కాగితాల్లో లెక్చరర్, రీడర్, ప్రొఫెసర్ అనే మూడు పేర్లు కనిపిస్తాయి. లెక్చరర్ ఇప్పటి అసిస్టెంట్‌కు, రీడర్ ఇప్పటి అసోసియేట్‌కు దగ్గర. ఒకరు 1985లో రీడర్‌గా చేశారని రాయాల్సి వస్తే ‘రీడర్’ అనే రాయాలి. దాన్ని ఇప్పటి పేరుకు మార్చితే చరిత్ర తారుమారవుతుంది.

మన వరంగల్‌లో సంస్థను బట్టి పేర్లు కొంత మారతాయి. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ (ఆర్ఈసీ)గా మొదలై 2002లో ఎన్ఐటీ అయిన సంస్థలో అసిస్టెంట్ ప్రొఫెసర్ హోదాకే గ్రేడ్–2, గ్రేడ్–1 అని తేడాలున్నాయి; కార్డు మీద గ్రేడు రాయాల్సిన పని లేదు. కాకతీయ మెడికల్ కాలేజీలో పేరు ముందు ‘డాక్టర్’, పేరు కింద ‘ప్రొఫెసర్, జనరల్ సర్జరీ’ అని రాయడం రివాజు. వైద్యులకు ఆ ‘డాక్టర్’ ఎంబీబీఎస్‌తోనే వస్తుంది, పీహెచ్‌డీతో పని లేదు. జూనియర్ కాలేజీల్లో జూనియర్ లెక్చరర్లు, పాలిటెక్నిక్‌లో లెక్చరర్లు. డిగ్రీ కాలేజీ వాళ్లను అలవాటుకొద్దీ లెక్చరర్ అంటాంగానీ, ఇప్పుడు కాగితం మీద వాళ్లు అసిస్టెంట్ ప్రొఫెసర్లు.

హోదా ఎట్లా తెలుసుకోవాలి

అన్నిటికంటే పెద్ద పొరపాటు కుర్చీని చూసి హోదా ఊహించడం. శాఖాధ్యక్షులు అంటే ఆచార్యులే అయి ఉండాలని లేదు. శాఖాధ్యక్ష బాధ్యత వంతులవారీగా తిరుగుతుంది. ప్రొఫెసర్లు రిటైరై పోస్టులు నిండని శాఖల్లో అసోసియేట్లు, అసిస్టెంట్లు కూడా ఆ కుర్చీలో ఉంటారు. ప్రిన్సిపాల్, డైరెక్టర్, పరీక్షల నియంత్రణాధికారి, ఇవన్నీ అదనపు బాధ్యతలు. బాధ్యత వేరు, హోదా వేరు. కార్డులో రెండూ వేసేటప్పుడు హోదా పేరు ముందు, బాధ్యత పేరు కింద ఉండాలి.

రెండో పొరపాటు పీహెచ్‌డీ ఉందని ప్రొఫెసర్ అనుకోవడం. పీహెచ్‌డీ వస్తే ‘డాక్టర్’ వస్తుంది, అంతే. ఆచార్య పదవి నియామకంతోనో, పదోన్నతి ఉత్తర్వుతోనో వస్తుంది. ఇంటర్వ్యూ అయింది, ఇంకా ఆర్డర్ రాలేదు అంటే పాత హోదానే రాయాలి.

శాఖ వెబ్‌పేజీ చూడండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. పదోన్నతి వచ్చినా పేజీ మారడానికి ఆలస్యమవుతుంది. శాఖ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ను అడిగితే నిమిషంలో తేలుతుంది. ఇంకా మంచి పద్ధతి, వాళ్లనే అడగడం. ‘సార్, కార్డులో మీ పేరు, హోదా ఎట్లా వెయ్యాలె? ఒకసారి వాట్సాప్‌లో రాసి పంపుతరా?’ అంటే ఎవరూ ఏమీ అనుకోరు. నోటితో చెప్పించుకోకుండా రాసి పంపమనడం ముఖ్యం: ఇంటిపేరు పూర్తిగానా పొడి అక్షరాల్లోనా, పేరు చివర దీర్ఘం ఉందా లేదా అన్నీ ఒక్కసారే తేలిపోతాయి.

గెస్ట్, పార్ట్‌టైం, కాంట్రాక్ట్ పద్ధతిలో పనిచేసేవాళ్ల విషయంలో కాస్త మనసు పెట్టాలి. వాళ్లు చెప్పేదీ అదే పాఠం, దిద్దేవీ అవే పేపర్లు. సభ కార్డులో ‘పార్ట్‌టైం’ అని విడదీసి వేయడం అనవసరం. ‘అధ్యాపకులు, ఫలానా శాఖ’ అంటే సత్యమూ నిలుస్తుంది, మర్యాదా నిలుస్తుంది. ఆఫీసు ఫైలు, అనుభవ ధ్రువపత్రం, ఇంటర్వ్యూ దరఖాస్తు లాంటి వాటిలో మాత్రం నియామక ఉత్తర్వులో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. అక్కడ మర్యాదకు పోతే రేపు పరిశీలనలో నష్టపోయేది వాళ్లే.

రిటైరైన వాళ్లకు పేరు ముందు ‘ఆచార్య’ కొనసాగించడం ఆనవాయితీ. పేరు కింద హోదాలో మాత్రం ‘విశ్రాంత ఆచార్యులు’ అని ఉండాలి. ఎమెరిటస్ అనేది రిటైరైన ప్రతి ఒక్కరికీ వచ్చేది కాదు, సంస్థ ప్రత్యేకంగా ఇచ్చే గౌరవం. విశ్రాంత అన్న మాటకు బదులుగా దాన్ని వాడకూడదు.

పేరుకు ముందా, తర్వాతా

‘ఆచార్య’ పేరు ముందు వస్తే హోదా. పేరులో కలిసి చివర వస్తే అది పేరు. వరంగల్‌లో దీనికి కోవెల వారి కంటే మంచి ఉదాహరణ దొరకదు. కాకతీయ విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో పనిచేసిన ఆచార్య కోవెల సుప్రసన్నాచార్య పేరులో ఆ మాట రెండుసార్లు ఉంది. మొదటిది పదవి, రెండోది పేరు. ఒకే మాట రెండుసార్లు వచ్చిందని ప్రూఫులు దిద్దేవాళ్లు ఒకదాన్ని కొట్టేస్తుంటారు. కొట్టేయకూడదు. కోవెల సంపత్కుమారాచార్య పేరుకూ ఇదే వర్తిస్తుంది.

దీనికి తిరగేసిన తప్పు కూడా జరుగుతుంది. పేరు చివర ఆచారి, చారి, ఆచార్యులు ఉన్నవాళ్లు మన దగ్గర చాలామంది, ముఖ్యంగా విశ్వకర్మ కుటుంబాల్లో, వైష్ణవ కుటుంబాల్లో. అది చూసి ఆయన యూనివర్సిటీ ఆచార్యులని రాస్తే ఎంత తప్పో చెప్పనక్కర్లేదు.

‘ఆచార్యులు’ అనే రూపం పేరు తర్వాత హోదాగా వస్తుంది: ‘ఫలానా, ఆచార్యులు, చరిత్ర శాఖ’. ఇక్కడి బహువచనం గౌరవ వాచకం, కాబట్టి క్రియ కూడా ‘ప్రసంగించారు’ అనే ఉండాలి. అదే ‘ఆచార్యులవారు’ అంటే పీఠాధిపతులో, మతగురువులో గుర్తొస్తారు. యూనివర్సిటీ సందర్భంలో అది వద్దు. ‘ఆచార్యా!’ అన్న పిలుపు పౌరాణిక నాటకానికే బాగుంటుంది.

గారు ఎప్పుడూ పేరు తర్వాతే. ‘ఆచార్య ఫలానా గారు’ సరైనది. ‘శ్రీ ఆచార్య ఫలానా గారు’ అంటే బరువెక్కువ, శ్రీ తీసేయండి. ‘ప్రొ. డా.’ అని రెండూ కలిపి రాయడం జర్మనీలో పద్ధతి. మన దగ్గర ప్రొఫెసర్ అన్నాక డాక్టర్ అందులో కలిసిపోయినట్టే లెక్క.

మహిళా ఆచార్యులకు

పేరు ముందు ‘ఆచార్య’ స్త్రీ పురుషులిద్దరికీ ఒకటే. ‘ఆచార్యురాలు’ అని అక్కడక్కడా కనిపిస్తుందిగానీ చెవికి అతకదు. ‘ఆచార్యాణి’ అసలే వద్దు: సంస్కృత వ్యాకరణం ప్రకారం ఆ తరహా రూపానికి అర్థం ఆచార్యుడి భార్య అని. స్వయంగా బోధించే స్త్రీకి సంస్కృతంలో ‘ఆచార్యా’ అని వేరే రూపం ఉంది. తెలుగులో ఆ తిప్పలేమీ లేదు. ‘ఆచార్య ఫలానా’ అని ముందు పెట్టండి, కింద హోదాలో ‘ఆచార్యులు’ అనే రాయండి. అధ్యాపకురాలు, ఉపాధ్యాయురాలు మాత్రం చక్కగా వాడుకలో ఉన్న మాటలే.

ఉత్తరం, దరఖాస్తు, మెసేజ్

దరఖాస్తు హోదాకు రాస్తాం, మనిషికి కాదు. కాబట్టి పేరు లేకపోయినా ఫర్వాలేదు, పదవి తప్పకూడదు. కాకతీయ విశ్వవిద్యాలయంలో శాఖకు రాసేటప్పుడు ఇట్లా:

గౌరవనీయులైన శాఖాధ్యక్షులు గారికి,
తెలుగు శాఖ, కాకతీయ విశ్వవిద్యాలయం,
విద్యారణ్యపురి, హనుమకొండ.

కింద ‘విషయం’ ఒక్క వరుసలో. తర్వాత ‘ఆర్యా,’ అనండి. శాఖాధ్యక్షులు మహిళ అయితే ‘మేడమ్,’ అంటే చాలు. ముగింపులో ‘తమ విధేయ విద్యార్థి’, పేరు, హాల్‌టికెట్ నంబరు, తేదీ. ఈ చివరి రెండూ లేక వెనక్కి వచ్చే దరఖాస్తులే ఎక్కువ.

అదే వ్యక్తిగతంగా రాసే ఉత్తరం, ముందుమాట కోరడం, అతిథిగా పిలవడం అయితే పేరుతో మొదలు పెట్టాలి: ‘ఆచార్య ఫలానా గారికి నమస్కారం.’ ఇక్కడ పేరు ముందు మాట తప్పితే మిగతా ఉత్తరం ఎంత బాగున్నా లాభం లేదు. ఫలానా వారు ప్రొఫెసరా కాదా అని చివరి నిమిషంలో తేలకపోతే ‘డాక్టర్ ఫలానా గారికి’ అనండి. పీహెచ్‌డీ కూడా ఉందో లేదో తెలియకపోతే ‘శ్రీ ఫలానా గారికి’, ‘శ్రీమతి ఫలానా గారికి’. తక్కువ రాసిన తప్పు ఒక్క మాటతో సర్దుకుంటుంది. ఎక్కువ రాస్తే ‘నేను ప్రొఫెసర్‌ను కాదు’ అని వాళ్లతోనే చెప్పించుకోవాల్సి వస్తుంది.

సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో ‘పర్యవేక్షకులు: ఆచార్య ఫలానా’ అని వేస్తారు. అక్కడ గారు రాయరు. కృతజ్ఞతల పేజీలో రాస్తారు. హోదా గ్రంథం సమర్పించే నాటిది ఉండాలి. పరిశోధన మొదలుపెట్టినప్పుడు అసోసియేట్‌గా ఉన్న గైడ్ మధ్యలో ప్రొఫెసర్ అయి ఉండొచ్చు. ధ్రువపత్రం పేజీలో ఒకటి, ముఖపత్రం మీద ఒకటి ఉంటే ఆఫీసులో ఆపేస్తారు. బైండింగ్‌కు ఇచ్చే ముందు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

వాట్సాప్‌లో ఇంత తతంగం లేదు. ‘నమస్తే సార్’ అని ఒక మెసేజ్ పంపి జవాబు కోసం ఆగడం కంటే, ఒకే మెసేజ్‌లో పేరు, శాఖ, సంవత్సరం, పని చెప్పేయడం మర్యాద: ‘నమస్తే సార్. నేను ఫలానా, చరిత్ర శాఖ, పీహెచ్‌డీ రెండో సంవత్సరం. మూడో అధ్యాయం మెయిల్ చేశాను. మీకు వీలున్న రోజు చెప్తే డిపార్ట్‌మెంట్‌కు వస్తాను.’ అమెరికాలో చదివే మన పిల్లలు అక్కడి వాళ్లకు రాసేటప్పుడు మాత్రం పద్ధతి మారుతుంది. అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను కూడా ‘ప్రొఫెసర్ ఫలానా’ అనే సంబోధిస్తారు.

నోటిమాట

క్యాంపస్‌లో ఎదురుపడితే సార్, మేడం. ఇంతకంటే పెద్ద మాట అక్కర్లేదు. ‘ప్రొఫెసర్ గారూ’ అని ముఖాముఖి పిలిస్తే వరంగల్‌లో కొత్తగా ఉంటుంది. కోస్తా వాళ్ల ‘మాస్టారూ’ కూడా ఇక్కడ నడవదు. పరోక్షంలో పేరు కలిపి ‘ఫలానా సార్’, లేదంటే పనిని బట్టి ‘హెచ్ఓడీ సార్’, ‘గైడ్ సార్’, ‘వీసీ సార్’. ఆఫీసులో అడిగేటప్పుడు ‘సార్ ఉన్నడా?’ అనకుండా ‘సార్ ఉన్నరా?’ అనాలి, మాట చివరి ఆ ఒక్క అక్షరంలోనే మర్యాద ఉంది. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం బడి పంతులైనా యూనివర్సిటీ ప్రొఫెసరైనా ‘సారు’ అనే అంటారు, అది నిండైన గౌరవమే.

వేదిక మీద పరిచయం చేసేటప్పుడు మొదటిసారి పూర్తి హోదా, పేరు, శాఖ చెప్పండి. తర్వాత ‘ఫలానా గారు’ చాలు. ప్రతి వాక్యంలో ‘ఆచార్య’ వస్తే వినేవాళ్లకు విసుగు. వార్తలోనూ అంతే: మొదటి ప్రస్తావనలో ‘తెలుగు శాఖ ఆచార్యులు ఫలానా’, తర్వాత పేరు. వీసీని తెలుగులో ఉపకులపతి అంటారు, కొన్ని చోట్ల ఉపాధ్యక్షులు అనీ రాస్తారు. ఒక వార్తలో ఏదైనా ఒకటే పట్టుకోవాలి. కులపతి అంటే ఛాన్స్‌లర్. వీసీని కులపతి అని రాయడం మామూలుగా జరిగే తప్పే.

అచ్చుకు పోయే ముందు

ఒక కార్డులో కొందరికి ‘ఆచార్య’, కొందరికి ‘ప్రొఫెసర్’ వద్దు. ఏదో ఒకటి ఎంచుకుని అందరికీ అదే వేయండి. తెలుగు, సంస్కృత శాఖల వాళ్లు ఆచార్య అంటారు, సైన్స్, ఇంజనీరింగ్ వాళ్లు ప్రొఫెసర్ అంటారు. కానీ ‘రసాయనశాస్త్ర ఆచార్యులు’ అంటే మాత్రం ఏం తక్కువ? కార్డు తెలుగులో ఉంటే ఆచార్య అనే వేయడం అందం. చోటు చాలకపోతే ‘ప్రొ.’ అని చుక్కపెట్టి కుదించవచ్చు, ఆచార్యను ‘ఆ.’ అని కుదించకూడదు, అది ఇంటిపేరు పొడి అక్షరంలా కనిపిస్తుంది.

అక్షర దోషాలు ఎప్పుడూ అవే వస్తాయి. ‘అచార్య’ కాదు, ‘ఆచర్య’ కాదు, మొదటి రెండక్షరాలకూ దీర్ఘం ఉంది. ‘ప్రోఫెసర్’ కాదు, ప్రొ హ్రస్వం. అధ్యాపకులు, ఉపాధ్యాయులు రెండింటిలోనూ ఉన్నది వత్తు ధ. విశ్వవిద్యాలయంలో మాత్రం ఉన్నది వత్తు లేని ద. అలవాటుగా ‘విధ్యాలయం’ అని కొట్టేస్తారు. పాత పుస్తకాల్లో ‘ర్య’కు బదులు య పక్కన వలపలగిలక (ర్‌ను సూచించే గుర్తు) కనిపిస్తుంది, అది ఆనాటి రాత పద్ధతి, తప్పు కాదు.

ప్రెస్సు వాళ్లు ఎక్కువగా అను ఫాంట్లలో పని చేస్తారు. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసి పంపింది అక్కడ మార్చుకునేటప్పుడు సంయుక్తాక్షరాలు చెదిరిపోతుంటాయి. ర్య, ధ్య, ప్రొ, శ్వ ఉన్న చోట్లే మొదట చూడాలి. టెక్స్ట్‌తోపాటు అదే పేజీ ఫోటో కూడా పంపితే ఆపరేటర్ పోల్చుకుంటారు. ప్రూఫ్ వచ్చాక పేర్లను కింది నుంచి పైకి చదవండి. పైనుంచి చదివితే తెలిసిన పేరే కదా అని కన్ను జారిపోతుంది. ఫ్లెక్సీ అయితే ప్రింట్ కొట్టే ముందు డిజైన్‌ను అందులో పేరున్న ప్రతి ఒక్కరికీ పంపి ‘ఓకే’ తెప్పించుకోండి. ఒకసారి కొట్టిన ఫ్లెక్సీలో అక్షరం దిద్దడం కుదరదు, మొత్తం మళ్లీ కొట్టించాల్సిందే.